పెగ్ జెల్‌లో కణాలు మూడు వారాలుగా గుండ్రంగానే ఉన్నాయి, ఎక్కడ తప్పుతోంది?

జెల్‌తో_కుస్తీ

మూడు వారాలుగా మైక్రోస్కోప్‌లో ఒకే బొమ్మ. గుండ్రటి బంతులు. చచ్చిపోయాయా అంటే లేదు, లైవ్ డెడ్ స్టెయిన్ వేస్తే దాదాపు అన్నీ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. బతికే ఉన్నాయి కానీ సాగవు, కదలవు, ఒక్కటంటే ఒక్కటి కూడా కాలు చాపదు.

వివరాలు: పెగ్ అంటే పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే సింథటిక్ పాలిమర్, నేను వాడేది నాలుగు చేతుల పెగ్ వినైల్ సల్ఫోన్, 20 కిలోడాల్టన్లు, 10 శాతం. పెగ్ చేతుల్ని ఒకదానితో ఒకటి కుట్టే క్రాస్‌లింకర్ 10 మిల్లీమోలార్, రెండు చివర్లా సిస్టీన్ ఉన్న పెప్టైడ్, మధ్యలో కణాలు వదిలే ఎంఎంపీ ఎంజైములు కత్తిరించే వరుస. ఆర్‌జీడీ పెప్టైడ్ 1 మిల్లీమోలార్. కణాలు మనిషి చర్మపు ఫైబ్రోబ్లాస్టులు. ఇవే కణాలను కొల్లాజెన్ జెల్‌లో పెడితే మర్నాటికల్లా సన్నగా పొడుగ్గా సాగిపోతున్నాయి.

సింథటిక్ జెల్ అయితే అన్నీ మన చేతుల్లో ఉంటాయి, ఏది మారిస్తే ఏం జరిగిందో కచ్చితంగా చెప్పొచ్చు అని మా గైడ్ గారు ఈ పని అప్పగించారు. నాకైతే ఏదీ చేతిలో ఉన్నట్టు లేదు. కొల్లాజెన్‌కే వెళ్లిపోనా? ఈ గండం దాటినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. వచ్చే వారం ల్యాబ్ మీటింగ్ తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

రాత్రిల్యాబ్

10 శాతం చాలా చిక్కన. 5కి దించు. నేను ఆరు నెలలు 10 దగ్గరే కూర్చుని పోగొట్టుకున్నాను.

కణాలకథ

రాత్రిల్యాబ్ చెప్పింది నిజమే, కానీ ఎందుకో కూడా తెలిస్తే నీకే ఉపయోగం. పెగ్ జెల్‌లో వల కన్ను పదుల నానోమీటర్లలో ఉంటుంది. నీ ఫైబ్రోబ్లాస్టు పదిహేను మైక్రోమీటర్లు అనుకో, అంటే కంతకంటే ఇంచుమించు వెయ్యి రెట్లు పెద్దది. కొల్లాజెన్ అలా కాదు, అందులో పీచుల మధ్య మైక్రోమీటర్ల ఖాళీలుంటాయి, కణం వాటిలోంచి దూరిపోతుంది, పీచును పట్టుకుని లాగుతుంది, పక్కకు జరుపుతుంది. పెగ్‌లో దూరే దారే లేదు. గోడ కోసుకుంటూ పోవాలి. అందుకే ఎంఎంపీ కత్తిరించే వరుస పెట్టేది. గోడ మరీ దట్టంగా ఉంటే కోసి కోసి ఎంత దూరం పోతుంది చెప్పు.

సందేహాల_పుట్ట

నేను స్కూల్లో బయాలజీ చెప్తాను, ల్యాబ్ మనిషిని కాను. చదువుతుంటే ఆసక్తిగా ఉంది. ఈ ఆర్‌జీడీ ఏమిటి? పెగ్‌కి కణం తనంతట తాను అతుక్కోదా?

పాలిమర్_పంతులు

అతుక్కోదు టీచర్ గారూ, పెగ్‌ను వాడేదే అందుకు. పెగ్ నీళ్లను గట్టిగా పట్టుకుని ఉంటుంది, ప్రొటీన్లు దాని మీద పెద్దగా వాలవు. ప్రొటీన్ వాలకపోతే కణానికి పట్టు లేదు. అంటే మనకు దొరికేది ఖాళీ పలక. దాని మీద మనం ఏ అక్షరం రాస్తే కణం అదే చదువుతుంది.

ఆర్‌జీడీ అంటే ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. ఫైబ్రోనెక్టిన్ అనే పెద్ద ప్రొటీన్‌లో కణం పట్టుకునే చోటు ఈ మూడు అమినో ఆమ్లాల వరుసే అని 1984లో పియర్ష్‌బాకర్, రువోస్లాటి చూపించారు. అంత పెద్ద ప్రొటీన్ పని చాలావరకు ఈ చిన్న ముక్క చేసి పెడుతుంది. ఇంటికి తలుపు గొళ్లెం లాంటిది. ఇక మూడింట్లో రెండింటిని అటూ ఇటూ మార్చి ఆర్‌డీజీ అని రాస్తే కణం పట్టుకోదు, అదే మన కంట్రోల్, అంటే పోల్చి చూసుకునే జెల్.

కుస్తీ, నీకు రెండు ప్రశ్నలు. ఒకటి, పెప్టైడ్ సిస్టీన్లు ఆక్సిడైజ్ అయ్యాయేమో ఎల్‌మాన్ రియేజెంట్‌తో చూశావా? పాత సీసా అయితే సిస్టీన్లు రెండేసి జత కట్టేసుకుని ఉంటాయి, వాటితో పెగ్ అతుక్కోదు. రెండు, ఆర్‌డీజీ జెల్ పోశావా?

ఆర్గనాయిడ్_అక్క

నా మాట కొంచెం కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. నేను పేగు ఆర్గనాయిడ్లు, అంటే మూలకణాల నుంచి పెరిగే చిట్టి పేగు ముద్దలు, పెంచుతాను. మాట్రిజెల్‌లో వేస్తే వారంలో మొగ్గలు తొడుగుతాయి. పెగ్‌లో రెండేళ్లు ప్రయత్నించాను, ఎక్కువ భాగం చచ్చాయి. కణానికి కావాల్సినవి వందలున్నప్పుడు మనం రెండు పెప్టైడ్లు కుట్టి ఇదే ఇల్లు అంటే ఎలా? తమ్ముడూ, కొల్లాజెన్‌లో బాగుంటే కొల్లాజెన్‌లోనే చెయ్యి. చదువు పూర్తవ్వాలి కదా.

నిదానమే_ప్రధానం

అక్కా, మాట్రిజెల్ ఎలుక కణితి నుంచి తీసేది. దాన్ని ప్రొటియోమిక్స్‌లో పెట్టి చూస్తే 1800కు పైగా ప్రొటీన్లు తేలాయి. ఒక్కో బ్యాచ్ ఒక్కోలా ఉంటుంది. మొగ్గ తొడిగిందని మీకు తెలుసు. వాటిలో దేని వల్ల తొడిగిందో తెలుసా?

ఆర్గనాయిడ్_అక్క

తెలియదు. ఒప్పుకుంటాను. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ పాతదానితో పక్కపక్కన పెట్టి చూసుకుంటాను, ఒకసారి బ్యాచ్ మారి నాలుగు నెలల డేటా ఒకదానితో ఒకటి పొసగకుండా పోయింది. అయినా పని చేసేది వదిలేసి పని చేయనిది పట్టుకోమంటే ఎలా?

నిదానమే_ప్రధానం

పని చేయించినవాళ్లు ఉన్నారు. లూటాల్ఫ్ బృందం 2016లో పేగు మూలకణాలను పూర్తిగా పెగ్ జెల్‌లోనే పెంచింది. అందులో నాకు నచ్చింది వాళ్లు పెంచగలగడం కాదు, విడదీసి చూపించగలగడం. మూలకణాలు బతికి సంఖ్య పెరగాలంటే ఆర్‌జీడీ పట్టు, కాస్త గట్టి జెల్ ఉంటే చాలు. అవే ఆర్గనాయిడ్‌గా రూపు దిద్దుకోవాలంటే జెల్ మెత్తబడాలి, లామినిన్ అనే ప్రొటీన్ కావాలి. అంటే పెరగడానికి ఒక ఇల్లు, రూపం రావడానికి ఇంకో ఇల్లు. మాట్రిజెల్‌లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఎన్నేళ్లు చూసినా విడివిడిగా కనపడవు. మీ పెగ్‌లో లామినిన్ ఉందా?

ఆర్గనాయిడ్_అక్క

లేదు. మొదటి నుంచి చివరిదాకా ఒకే గట్టిదనం, ఒక్క ఆర్‌జీడీ. ఆ పేపర్ చదివాను కానీ ఇలా చదవలేదు. ఆలోచిస్తాను.

జెల్‌తో_కుస్తీ

పంతులు గారూ, ఎల్‌మాన్ ఇవాళ చేశాను. పసుపు రంగు బాగానే వచ్చింది, 412 నానోమీటర్ల దగ్గర చూస్తే థయోల్స్, అంటే సిస్టీన్ల అతుక్కునే కొసలు, దాదాపు ఉండాల్సినంత ఉన్నాయి. సీసా తప్పు కాదు.

ఆర్‌డీజీ జెల్ కూడా మొదటి వారంలోనే పోశాను. అందులోనూ గుండ్రంగానే ఉన్నాయి, ఆర్‌జీడీ జెల్‌కీ దానికీ తేడా లేదు. రెండూ ఫెయిలే కదా అని నోట్‌బుక్‌లో రాసి వదిలేశాను.

పాలిమర్_పంతులు

ఆగు ఆగు. రెండిటికీ తేడా లేదన్నావు చూడు, ఈ చర్చలో అన్నిటికంటే పనికొచ్చే ముక్క అదే. ఆర్‌జీడీ ఉన్న జెల్, లేని జెల్ ఒకేలా ఉన్నాయంటే కణం దృష్టిలో రెండిట్లోనూ ఆర్‌జీడీ లేదు. ఏ వరుసలో కలుపుతున్నావో అక్షరం పొల్లు పోకుండా చెప్పు.

జెల్‌తో_కుస్తీ

పెగ్ బఫర్‌లో కరిగిస్తాను. కణాలు కలుపుతాను. క్రాస్‌లింకర్ వేసి పిపెట్‌తో మూడు నాలుగు సార్లు పైకీ కిందకీ. చివర్లో ఆర్‌జీడీ. వెంటనే కోసిన సిరింజి గొట్టంలో పోసి ఇంక్యుబేటర్‌లో అరగంట. తర్వాత మీడియాలో వేసి రెండుసార్లు కడుగుతాను.

రాత్రిల్యాబ్

దొరికింది!

కణాలకథ

చివర్లో ఆర్‌జీడీ... అయ్యో తమ్ముడూ.

పాలిమర్_పంతులు

ఇప్పుడు లెక్క చూద్దాం. 10 శాతం అంటే లీటరుకు 100 గ్రాములు. దాన్ని 20,000తో భాగిస్తే 5 మిల్లీమోలార్ పెగ్. ఒక్కోదానికి నాలుగు చేతులు, మొత్తం 20 మిల్లీమోలార్ చేతులు. నీ క్రాస్‌లింకర్ 10 మిల్లీమోలార్, ఒక్కోదానికి రెండు సిస్టీన్లు, అంటే 20. సరిగ్గా అన్ని చేతులూ క్రాస్‌లింకర్‌కే అయిపోయాయి. ఆర్‌జీడీ వచ్చేసరికి పట్టుకోవడానికి ఖాళీ చెయ్యి దాదాపు లేదు. జెల్‌లో ఊరికే తేలుతూ ఉండి, నువ్వు మీడియాతో కడిగినప్పుడు కొట్టుకుపోయింది. పైగా కరిగి తేలే ఆర్‌జీడీ కణం పట్టుకోవడానికి వాడే గ్రాహకాల్ని ఆక్రమించి ఇంకా చెడగొడుతుంది కూడా.

ముందు పెగ్‌కి ఆర్‌జీడీ కలిపి అరగంట వదిలెయ్యి. ఒక్క సిస్టీనే కాబట్టి జెల్ కట్టదు, కంగారు లేదు. తర్వాత కణాలు, ఆఖరున క్రాస్‌లింకర్. రాత్రిల్యాబ్ అన్నట్టు 5 శాతానికి దిగితే చేతులు 10 మిల్లీమోలార్, ఆర్‌జీడీకి 1 పోతే 9 మిగిలాయి, కాబట్టి క్రాస్‌లింకర్ 4.5 చాలు.

జెల్‌తో_కుస్తీ

నోట్‌బుక్ తిరగేశాను. ల్యాబ్‌లో పాత ప్రొటోకాల్ కాగితంలో "పెప్టైడ్లు కలపాలి" అని ఒక్క ముక్క ఉంది, వరుస రాయలేదు. మూడు వారాలు! రేపు పొద్దున్నే పోస్తాను.

సందేహాల_పుట్ట

కథలో విలన్ దొరికినట్టుంది. ఇంకో సందేహం. ఇందాక గట్టి జెల్, మెత్తటి జెల్ అన్నారు. కణానికి గట్టీ మెత్తా తెలుస్తుందా?

కణాలకథ

బ్రహ్మాండంగా తెలుస్తుంది. కణం పట్టుకుని ఊరుకోదు, లాగి చూస్తుంది. లాగితే వచ్చేస్తే మెత్తన, రాకపోతే గట్టి. 2006లో ఎంగ్లర్, డిషర్ వాళ్లు ఒకే రకం మూలకణాల్ని గట్టిదనం మాత్రమే మార్చిన పాలీఎక్రిలమైడ్ జెల్స్ మీద వేశారు. మెదడు అంత మెత్తన, అంటే 1 కిలోపాస్కల్ లోపు ఉన్నచోట నాడీ కణాల్లా కొమ్మలు వేశాయి. 10 చుట్టుపక్కల కండరం వైపు, 25 నుంచి 40 మధ్య ఎముక వైపు మొగ్గాయి. మందు మార్చలేదు, మీడియా మార్చలేదు. కింద పరుపు మారింది అంతే. నేను డిగ్రీలో ఉండగా అది చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు, ఈ రంగంలోకి వచ్చింది దానివల్లే.

మనం రోజూ వాడే ప్లాస్టిక్ ప్లేటు 3 గిగాపాస్కల్స్ ఉంటుంది. మెదడుతో పోలిస్తే దాదాపు ముప్పై లక్షల రెట్లు గట్టి. దాని మీద పెంచి కణం స్వభావం ఇది అని పుస్తకాల్లో రాసుకున్నాం.

నిదానమే_ప్రధానం

గట్టిదనం ఒక్కటే మారింది అనే మాట దగ్గరే గొడవ మొదలైంది. 2012లో ట్రాప్‌మాన్, హక్, వాట్ వాళ్లు ఒప్పుకోలేదు. పాలీఎక్రిలమైడ్ గట్టిదనం మారిస్తే కంతల సైజూ మారుతుంది, దాంతో పైన కుట్టిన కొల్లాజెన్ ఎన్ని చోట్ల బిగిసిందో అదీ మారుతుంది, కణం చూసేది ఆ బిగింపునే అన్నారు. 2014లో ఎంగ్లర్ బృందమే మళ్లీ కంతలు, బిగింపు, గట్టిదనం మూడూ విడివిడిగా మార్చి, లేదు గట్టిదనమే అని చూపించింది.

నాకు ఎవరు గెలిచారన్నది ముఖ్యం కాదు. ఎలుక కణితి జెల్ మీద అయితే అసలు ఈ వాదన పెట్టుకోవడమే కుదరదు, ఎందుకంటే ఏదీ విడిగా కదలదు. అందుకే అక్కా నేను మొండికేసేది.

రాత్రిల్యాబ్

గట్టిదనం తర్వాత ఇంకోటి ఉంది, సడలడం. పెగ్ జెల్ స్ప్రింగులాంటిది, లాగి వదిలితే వెనక్కి వస్తుంది. అసలు కణజాలం అలా ఉండదు, లాగి పట్టుకుంటే నెమ్మదిగా లొంగుతుంది. చౌధురి, మూనీ వాళ్లు ఆల్జినేట్ జెల్స్ చేశారు, మొదటి గట్టిదనం అన్నిట్లో ఒకటే, లొంగే సమయం మాత్రం ఒకదాంట్లో నిమిషం, ఇంకోదాంట్లో అరగంట పైన. త్వరగా లొంగే జెల్‌లో కణాలు బాగా సాగాయి, మూలకణాలు ఎముక వైపు ఎక్కువ వెళ్లాయి. వీటిలో ఎంజైముతో కోయాల్సిన పనే లేదు, తోసుకుని పోతాయి. కుస్తీ, ఇది తర్వాతి ప్రాజెక్టుకి దాచుకో.

కణాలకథ

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కణాలకు జ్ఞాపకం ఉంటుంది. ఆన్సెత్ ల్యాబ్ 2014లో చూపించింది, మూలకణాల్ని ప్లాస్టిక్ మీద ఒక్కరోజు ఉంచి మెత్తటి జెల్‌కి మారిస్తే అవి మెత్తదనానికి అలవాటు పడ్డాయి, పది రోజులు ఉంచి మారిస్తే గట్టి చోటే ఉన్నట్టు ప్రవర్తించాయి. నీ ఫైబ్రోబ్లాస్టులు ఎన్నో పాసేజీ, అంటే ఎన్నిసార్లు కొత్త ప్లేటుకి మార్చినవి? ప్రతి జెల్‌కీ ఒకే పాసేజీ వాడు.

జెల్‌తో_కుస్తీ

4 నుంచి 9 దాకా ఏది దొరికితే అది వాడాను. ఇకనుంచి 5 మాత్రమే.

వేలుపట్టి_నడిచా

నేను సైన్సు మనిషిని కాదు. వెతుకుతుంటే చర్మపు ఫైబ్రోబ్లాస్టులు అనే మాట చూసి ఇక్కడికొచ్చాను. మా తమ్ముడి చెయ్యి రెండేళ్ల కిందట కాలింది. గాయం మానింది కానీ మచ్చ బిగుసుకుపోయి మూడు వేళ్లు లోపలికి మడతపడ్డాయి. మీరు చేసే జెల్స్ ఇలాంటివాళ్లకి ఎప్పటికైనా వస్తాయా? చిన్న ప్రశ్న అనుకోకండి.

తెల్లకోటు

చిన్న ప్రశ్న కాదండీ. నేను కాలిన గాయాల వార్డులో పనిచేశాను. మచ్చ లాగేయడానికి కారణం ఇక్కడ వీళ్లు మాట్లాడుకుంటున్న విషయమే. గాయం దగ్గర ఫైబ్రోబ్లాస్టులు గట్టి చోట ఉన్నామని గ్రహించి కండరంలా లాగే కణాలుగా మారతాయి. లాగినకొద్దీ కణజాలం ఇంకా గట్టిపడుతుంది, గట్టిపడినకొద్దీ ఇంకా లాగుతాయి. ఆ చక్రాన్ని ఎక్కడ తెంచాలో తెలుసుకోవడానికే ఇలాంటి జెల్స్ కావాలి.

ఇప్పటికే వాడుకలో ఉన్నవీ ఉన్నాయి. యానస్ అనే ఇంజినీరు, బర్క్ అనే సర్జన్ కలిసి ఆవు కొల్లాజెన్‌తో ఒక స్పాంజి లాంటి పొర చేశారు, పైన సన్నటి సిలికోన్. అమెరికాలో 1996లో దానికి అనుమతి వచ్చింది. లోతుగా కాలినచోట చర్మపు లోపలి పొర తిరిగి పెరగడానికి అది చట్రంలా పనిచేస్తుంది. బిగుసుకున్న మచ్చ విడిపించే ఆపరేషన్లలోనూ వాడతారు. మీ తమ్ముడికి పనికొస్తుందో లేదో చెయ్యి చూసిన ప్లాస్టిక్ సర్జనే చెప్పాలి. రెండేళ్లయింది కదా ఇక ఏమీ కాదు అనుకుని ఆగిపోకండి, మచ్చ విడిపించే ఆపరేషన్ గురించి తప్పక అడగండి.

వేలుపట్టి_నడిచా

అడుగుతాను డాక్టర్ గారూ. ఇంతవరకు ఎవరూ ఇలా విడమరిచి చెప్పలేదు.

రాత్రిల్యాబ్

పెగ్ జెల్ అయితే ఇంకా మంచిది కదా డాక్టర్ గారూ, దాన్ని శరీరం అసలు పట్టించుకోదు.

తెల్లకోటు

ఆ మాట ఒప్పుకోను. పెగ్ మీద యాంటీబాడీలు తయారయ్యేవాళ్లున్నారు. ఇక లోపల పెట్టిన ఏ వస్తువు చుట్టూ అయినా మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు చేరి, అరిగించలేకపోతే పీచు గోడ కట్టేస్తాయి. ప్లేటులో నోరు మెదపని జెల్ ఒంట్లో గొడవ చేయొచ్చు. ప్లస్, మైనస్ చార్జీలు రెండూ ఉన్న జ్విట్టర్‌అయానిక్ జెల్స్ ఎలుకల్లో మూడు నెలలు ఆ గోడ కట్టనివ్వలేదని 2013లో చూపించారు, ఆశ ఉంది, కానీ పట్టించుకోదు అని తేల్చేయకండి.

రాత్రిల్యాబ్

సరే, దిద్దుకున్నాను.

జెల్‌తో_కుస్తీ

ఐదు రోజుల తర్వాత వస్తున్నాను. 5 శాతం, ఆర్‌జీడీ ముందు కలిపి అరగంట, పాసేజీ 5. పక్కనే ఆర్‌డీజీ జెల్, అన్నీ ఒకే రోజు.

మొదటి రోజు సాయంత్రం ఏమీ లేదు, గుండె జారింది. రెండో రోజు పొద్దున్న ఫోకస్ తిప్పుతుంటే ఒక కణానికి పక్కన సన్నటి దారంలాంటిది కనిపించింది. దుమ్మేమో అనుకున్నాను. ఇంకొంచెం తిప్పితే ఆ దారం చివర రెండుగా చీలి ఉంది. పక్క కణానికీ ఉంది. నాలుగో రోజుకి సగం పైగా కణాలు కండెలా సాగాయి, కొన్నిటి కొసలు పక్క కణాన్ని తాకుతున్నాయి. ఆర్‌డీజీ జెల్ చూస్తే అవే పాత బంతులు. రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టి గైడ్ గారిని పిలిచాను. ఆయన కాసేపు కళ్లు తీయలేదు, ఈ రెండు ఫొటోలూ ఒకే స్లైడ్‌లో పెట్టు అన్నారు.

పాలిమర్_పంతులు

శభాష్! ఆర్‌డీజీ ఫొటో చిన్నది చేసి మూలన పెట్టకు, రెండూ సమానంగా ఉండాలి.

ఆర్గనాయిడ్_అక్క

మనసు నిండింది తమ్ముడూ. నేనూ వచ్చే వారం లామినిన్ కలిపి, మెత్తబడే పెగ్ ఒకటి పోస్తున్నాను. మాట్రిజెల్ పక్కనే ఉంటుంది, అది మాత్రం వదలను.

నిదానమే_ప్రధానం

వదలొద్దు అక్కా, పక్కనే ఉంచండి. ఫలితం ఇక్కడే రాయండి, మాడిపోయినా సరే రాయండి.

జెల్‌తో_కుస్తీ

ఒక్కటి అర్థం కాలేదు. సాగిన కణాలన్నీ జెల్ అంచున ఎక్కువున్నాయి, నడిమధ్య ఇంకా గుండ్రంగానే. జెల్ 3 మిల్లీమీటర్ల మందం ఉంటుంది.

కణాలకథ

మందం ఎక్కువైంది. నడుమకు ఆక్సిజన్ సరిగా అందదు. ఇంకో కారణమూ ఉండొచ్చు, మీడియాలో వేయగానే జెల్ ఉబ్బుతుంది కదా, అంచు ముందు ఉబ్బి ముందు మెత్తబడుతుంది. ఏదో ఒకటే అని ఇప్పుడే అనుకోకు. 1 మిల్లీమీటరు జెల్ ఒకటి, 3 మిల్లీమీటర్లది ఒకటి పోసి, రెండిటినీ ఉబ్బడం ఆగాక గట్టిదనం కొలిచే రియోమీటర్‌లో కూడా పెట్టి చూడు.

జెల్‌తో_కుస్తీ

సిరింజి గొట్టాలు ఇప్పుడే కోసి పెట్టాను. రేపు రెండు మందాలూ పోస్తాను, అదే పాసేజీ కణాలు ఇంకా ఒక సీసా ఉన్నాయి.